చేదు సంచి తీసివేసిన తరువాత
(శతవార్షికోత్సవ కుటుంబ ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కమిటీవారు మాకిచ్చిన అంశమును కార్యక్రమ పత్రికలో చూచి కొందరు పెద్దలు నవ్విరి. "అయ్యగారూ, నూరేండ్ల పండుగలో పిత్తాశయము గూర్చి, ప్రేగులలోని సూక్ష్మజీవుల గూర్చి ప్రసంగమేమిటండీ?" అని అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. అయితే పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో సంఘ పరిపాలన, పెద్దల నియామకము మొదలైన గొప్ప సంగతుల నడుమ ఆ యౌవనస్థుని కడుపు జబ్బును గూర్చి కూడ ఒక మాట వ్రాసియున్నాడు. అపొస్తలునికి తక్కువ కానిది మనకు తక్కువ కాదు గదా.

మరొక కారణము కూడ కలదు. ఇంటి ప్రార్థనలకు వెళ్లినప్పుడు ప్రార్థన మనవులలో షుగరు, బి.పి. తరువాత మేము తరచుగా వినుచున్న మాట "గాల్ బ్లాడరులో రాళ్లు" అనునదే. ఆపరేషనుకు ముందు ఒక భయము, అయిన తరువాత మరొక భయము. ముందటి భయమునకు డాక్టరుగారు ధైర్యము చెప్పుదురు. తరువాతి భయమును ఎవరికి చెప్పుకొనవలెనో తెలియక మనవారు అవస్థ పడుచున్నారు. మేము వైద్యులము కాము. దైవశాస్త్ర కళాశాలలో మాకు గ్రీకు, హెబ్రీ భాషలు నేర్పిరి గాని శరీరశాస్త్రము నేర్పలేదు. కనుక చదివి, మన సంఘములలోని వైద్యులను అడిగి తెలిసికొన్న సంగతులనే మీ యెదుట పెట్టుచున్నాము.

కోడిని కోసి శుభ్రము చేయునప్పుడు కార్జమునకు అంటుకొని ఆకుపచ్చని చిన్న సంచి ఒకటి ఉండును. దానిని మన స్త్రీలు 'చేదు' అందురు. అది చిట్లినయెడల కూర అంతయు పాడగును గనుక ఎంతో జాగ్రత్తగా తీసి పారవేయుదురు. అదే పిత్తాశయము. మన కార్జము క్రింద కూడ అట్టిదే ఒకటి ఉన్నది. హెబ్రీ భాషలో పిత్తమునకు వాడిన మాట చేదు అను ధాతువు నుండియే పుట్టినది. నయోమి తనకు పెట్టుకొన్న 'మారా' అను పేరు దానికి చుట్టమే. గ్రీకులో 'ఖొలే' అందురు. సిలువయొద్ద ప్రభువునకు ఇయ్యబోయిన ద్రాక్షారసములో కలిపిన దానికి మత్తయి 27వ అధ్యాయములో ఉన్నది ఈ మాటయే. హెబ్రీయులు, మన ఇంటి స్త్రీలు, ఇరువురును దానిని రుచినిబట్టియే పిలిచిరి!

ఈ చేదురసమును చేయునది సంచి కాదు, కార్జము. ఈ ఒక్క సంగతి తెలిసిన సగము భయము పోవును. దినమునకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు పిత్తరసము కార్జములో తయారగును. సంచిలో పట్టునది 30 నుండి 50 మిల్లీలీటర్లు మాత్రమే, అనగా ఒక చిన్న టీ గ్లాసులో సగము. మనము తినని వేళలలో వచ్చిన రసమును సంచి నిలువ చేసి, అందులోని నీటిని పీల్చి, అయిదు మొదలు పది రెట్లు చిక్కగా చేయును. మనము నెయ్యి, నూనె, మాంసము తిన్నప్పుడు ఆ కొవ్వు చిన్నప్రేగు మొదటి భాగమును చేరగానే అక్కడనుండి ఒక రసాయనము రక్తములోనికి వెళ్లి సంచిని పిండును. ఐవీ, ఓల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1928లో దీనిని కనుగొని 'కొలెసిస్టోకైనిన్' అని పేరు పెట్టిరి. ఆ పేరంతయు గ్రీకే: చేదు, సంచి, కదలించునది.

పిండబడిన రసము ఏమి చేయును? తలంటుకొన్న నాడు కుంకుడు రసము నూనెకు ఏమి చేయునో అదే చేయును. నూనెను చిన్నచిన్న బిందువులుగా విడగొట్టి నీటితో కలియజేయును. అప్పుడే అది జీర్ణమగును. ఈ పని చేయు పదార్థములను పిత్తామ్లములు అందురు. శరీరము వీటి విషయములో మహా పొదుపరి. మన శరీరమంతటిలో ఉన్నవి రెండు నుండి నాలుగు గ్రాములే. పని ముగిసిన తరువాత చిన్నప్రేగు చివరి భాగమున నూటికి 95 వంతులు తిరిగి పీల్చబడి, రక్తము ద్వారా కార్జమునకు చేరి, మరల ప్రేగులోనికి వచ్చును. ఒక్క దినములోనే ఈ ప్రయాణము అనేక మారులు జరుగును. మిగిలిన కొద్ది భాగము పెద్దప్రేగులోనికి జారును. మన కథ మొదలగునది ఇక్కడనే.

పెద్దప్రేగు ఒక జనసమ్మర్దమైన పట్టణము. మన శరీరములో నివసించు బాక్టీరియాల సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. అది మన స్వంత జీవకణముల సంఖ్యకు దాదాపు సమానము. అందులో బహు ఎక్కువ భాగము ఈ పట్టణములోనిదే. సూక్ష్మజీవులనగానే రోగములని తలంచకుడి. వీటిలో అధికభాగము మనము అరిగించుకొనలేని పీచును అరిగించి, పెద్దప్రేగు గోడలకు ఆహారమునిచ్చుచు మనకు మేలు చేయు కాపురస్థులే.

వీరికిని చేదురసమునకును మధ్య పాత ఇచ్చిపుచ్చుకోలు ఉన్నది. కుంకుడు రసము వంటిదని చెప్పితిమి గదా. అది కొవ్వును మాత్రమే కాదు, బాక్టీరియాల పైపొరలను కూడ కరిగించగలదు. అందుచేత చేదురసము ఎక్కువగా ఉండు చిన్నప్రేగులో బాక్టీరియా తక్కువ. మరొక ప్రక్క, పెద్దప్రేగులోని బాక్టీరియా తమ యొద్దకు జారివచ్చిన పిత్తామ్లములను మార్చివేయును. కార్జము చేసి పంపినది కోలిక్ ఆమ్లమైతే, క్లాస్ట్రిడియమ్ సిండెన్స్ వంటి ఏవో కొద్ది జాతులు దానిని డీఆక్సీకోలిక్ ఆమ్లముగా మార్చును. ఈ పని అన్ని బాక్టీరియాలకు చేతకాదు. ఊరిలో వడ్రంగము తెలిసినవారు ఇద్దరు ముగ్గురే ఉన్నట్లు, ప్రేగులో ఈ విద్య తెలిసినవి కొన్నే. ఇట్లు మారిన ఆమ్లము కొంత మరల పీల్చబడి మన చేదురసములో కలియును. అనగా మన కార్జము చేయని పదార్థము ఒకటి మన శరీరములో నిత్యము ప్రవహించుచున్నది. అది బాక్టీరియాలు చేసి ఇచ్చినది. దీనిని చదివినప్పుడు మాకు చాల ఆశ్చర్యము కలిగెను.

ఇప్పుడు సంచిని తీసివేసిరి అనుకొందము. ఏమగును?

రైతు కుటుంబములవారికి దీనిని చెప్పుట సుళువు. వాగు నీరు చెరువులో నిలిచి, అవసరమైనప్పుడు తూము ఎత్తగానే పొలమునకు పారుచున్నది. చెరువు తీసివేసినయెడల వాగు ఎండిపోదు. అదే నీరు రాత్రింబగళ్లు సన్నగా పొలములోనికి పారుచుండును. కావలసిన వేళ ఒక్క పెట్టున రాదు. అక్కరలేని వేళ ఆగదు. పైరు పండును, గాని ఎప్పుడును తడిగా ఉండు మడిలో తుంగ, నాచు, కప్పలు, పీతలు ఉండు తీరు కొంత మారును. అలాగే సంచి లేనివారిలో భోజనము లేని వేళలలో కూడ చేదురసము ప్రేగులోనికి దిగుచుండును. పిత్తామ్లముల ప్రయాణము త్వరత్వరగా జరుగును. బాక్టీరియాలకు అవి దొరకు సందర్భములు పెరుగును. అందుచేత సంచి తీసివేయబడిన అనేకులలో బాక్టీరియా మార్చిన ఆమ్లముల పాలు ఎక్కువగా కనబడినదని పరిశోధనలు చెప్పుచున్నవి. అయితే అన్ని పరిశోధనలును అట్లు చెప్పుట లేదు.

బాక్టీరియాల జాతులు కూడ మారునా? కొరియా, చైనా, ఇజ్రాయేలు మొదలైన దేశములలో ఆపరేషను అయినవారి మలమును పరీక్షించి చూచిరి. తేడాలున్నవని చాలమంది వ్రాసిరి. అయితే ఏ జాతి పెరిగినది, ఏ జాతి తగ్గినది అను విషయములో ఒకరి మాట మరొకరితో కలియలేదు. ఒకచోట పెరిగినదని చెప్పబడినది మరొకచోట కనబడలేదు. పరీక్షింపబడినవారు కొద్దిమంది, వారి భోజనము వేరు, వయస్సు వేరు. పైగా రాళ్లు ఉన్నవారి ప్రేగులలోని బాక్టీరియా ఆపరేషనుకు ముందే, రాళ్లు లేనివారి బాక్టీరియా కంటె కొంత భిన్నముగా ఉన్నట్లు కనుగొనిరి. కాబట్టి తరువాత కనబడిన తేడా అంతయు కత్తి వలన కలిగినదని చెప్పుటకు వీలులేదు. మా వైద్య మిత్రుడొకరు దీనిని ఒక్క మాటలో చెప్పెను: "ఊరు ఖాళీ కాదు అయ్యగారూ, కొన్ని ఇండ్లలో అద్దెకున్నవారు మారుదురు."

ఈ మార్పునుబట్టియే వాట్సాప్‌లో ఒక భయంకరమైన కబురు తిరుగుచున్నది. "పిత్తాశయము తీయించుకొంటే ప్రేగులోని క్రిములు విషమును తయారుచేయును, క్యాన్సరు తప్పదు" అని. మా పాస్టరేటులో ఒక సహోదరుడు దీనిని నమ్మి, నొప్పి వచ్చిన ప్రతిసారి మాత్ర మింగుచు రెండేండ్లు ఆపరేషను వాయిదా వేసెను. చివరకు ఒక రాయి జారి నాళమునకు అడ్డుపడగా, కండ్లు పచ్చబడి, క్లోమము వాచి, పదునెనిమిది దినములు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చెను. ప్రాణము దక్కినది గాని ఇల్లు అప్పుల పాలైనది. కబురు పంపినవాడు ఒక్క రూపాయి ఇచ్చెనా?

ఆ కబురులో నిజమెంత? డీఆక్సీకోలిక్ ఆమ్లము ఎక్కువైతే పెద్దప్రేగు గోడకు మంచిది కాదని ప్రయోగశాలలలో చూచినది వాస్తవము. దానినిబట్టి ఆపరేషను అయినవారిని అనేక సంవత్సరములు గమనించి లెక్కలు వేసిరి. కొన్ని లెక్కలలో పెద్దప్రేగు కుడి భాగమున క్యాన్సరు కొంచెము ఎక్కువగా కనబడెను, కొన్నింటిలో ఏ తేడాయు కనబడలేదు. సంచి తీయించుకొన్న కారణముచేతనే ప్రత్యేక పరీక్షలు చేయించుకొనవలెనని వైద్యులు చెప్పుట లేదు. మలములో రక్తము పడుట, కారణము లేక బరువు తగ్గుట, మల విసర్జన అలవాటు చాల కాలము మారియుండుట కనబడినయెడల సంచి ఉన్నవారైనను లేనివారైనను వైద్యుని చూడవలసినదే. అలాగే స్కానింగులో రాళ్లు కనబడినంత మాత్రమున ఆపరేషనుకు పరుగెత్తనక్కర లేదు. ఎన్నడును బాధ పెట్టని రాళ్లను సాధారణముగా అట్లే ఉంచుదురు. బాధ పెట్టుచున్న రాళ్లను వాట్సాపు మాట విని ఉంచుకొనుట వేరు సంగతి.

స్త్రీల మైత్రి కూటములో ఒక తల్లి లేచి మంచి ప్రశ్న వేసెను. "శరీరములో ఏ అవయవమును అక్కరలేనిది కాదని కొరింథీ పత్రికలో ఉన్నది గదా, దేవుడిచ్చిన దానిని తీయించుకొనుట అవిశ్వాసము కాదా?" మొదటి కొరింథీ 12వ అధ్యాయములో పౌలు చెప్పుచున్నది సంఘమును గూర్చి, శస్త్రచికిత్సను గూర్చి కాదు. కుళ్లిన పన్ను పీకించుకొన్నప్పుడు ఎవరును ఈ వాక్యమును ఎత్తుట లేదు! సృష్టిలో చూచినను గుఱ్ఱమునకు, ఏనుగునకు, ఎలుకకు, పావురమునకు పిత్తాశయము లేదు. యోబు గ్రంథము అంత ఘనముగా వర్ణించిన యుద్ధాశ్వము ఈ సంచి లేకుండగనే పరుగెత్తుచున్నది.

ఈ ఆపరేషనును మొదట చేసినవాడు కార్ల్ లాంగెన్‌బుఖ్ అను జర్మను వైద్యుడు. 1882 జూలై 15న, బెర్లిను నగరములో, 16 సంవత్సరములుగా నొప్పితో కృశించిపోయిన 43 ఏండ్ల మనుష్యునికి చేసెను. అప్పటివరకు వైద్యులు సంచిని కోసి రాళ్లు తీసి సంచిని ఉంచెడివారు. రాళ్లు మరల పుట్టెడివి. రాళ్లు ఉన్నందున కాదు, రాళ్లను పుట్టించుచున్నందున సంచిని తీయవలెనని ఆయన వాదము. ఆ ఆసుపత్రి పేరు లాజరు ఆసుపత్రి. అక్కడ సేవచేసినవారు డీకనెస్ సహోదరీలు. కడుపు పెద్దగా కోయకుండ చిన్న రంధ్రముల ద్వారా దీనిని చేయుట 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె మొదలుపెట్టెను. మన దేశములో 1990లో బొంబాయిలో డాక్టర్ ఉద్వాడియాగారు చేసిరి. ఇప్పుడు మన జిల్లా పట్టణములలో కూడ జరుగుచున్నది.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము.

ఒక గ్రామ సంఘములో పాటలు పాడుటకు ముందుండు సహోదరి ఒకామె ఉండెను. పిత్తాశయము తీసిన తరువాత నెల దినములకు ఆమె ఆరాధనకు వచ్చుట మానివేసెను. మొదట వెనుక తలుపు దగ్గర కూర్చుండెను, తరువాత అదియు లేదు. బల్లారాధనకు కూడ రాకపోయెను. ఆపరేషను గండము గడిచిన తరువాత దేవుని మరచినదని కొందరు చెప్పుకొనిరి. పాస్టరమ్మగారు ఇంటికి వెళ్లి తలుపు వేసికొని అడిగినప్పుడు ఆమె ఏడ్చి చెప్పెను. ఉదయము ఏమి తిన్నను వెంటనే బయటికి పరుగెత్తవలసి వచ్చుచున్నది, ఆపుకొనుట తన వశములో లేదు, పచ్చగా నీళ్లవలె పోయి మంట పుట్టుచున్నది. బస్సు ఎక్కుటకు భయము, గుడిలో కూర్చుండుటకు సిగ్గు. భోజనము తగ్గించి గంజితో కాలము గడుపుచున్నది. ఎనిమిది నెలలు! ఆపరేషను చేసిన ఆసుపత్రిలో కుట్లు చూచి పంపివేసిరి. ఈ సంగతి వారు అడుగలేదు, ఆమె చెప్పలేదు. మగ డాక్టరుకు ఎట్లు చెప్పుదునమ్మా అనెను.

ఆమెకు జరిగినది పైన చెప్పిన వాగు కథయే. ఆగకుండ దిగుచున్న చేదురసములో చిన్నప్రేగు పీల్చుకొనలేనంత భాగము పెద్దప్రేగులోనికి పోవును. అక్కడ బాక్టీరియా దానిని మార్చును. మారిన ఆ ఆమ్లములు పెద్దప్రేగు గోడను రేపి నీటిని ఊరజేయును, ప్రేగును త్వరపెట్టును. ఈ ఆపరేషను అయినవారిలో సుమారు పదిమందికి ఒకరు విరేచనములతో బాధపడుదురని వైద్యులు చెప్పుదురు. అనేకులకు కొన్ని వారములలో గాని నెలలలో గాని దానంతట అదే తగ్గును. తగ్గనివారికి మందు ఉన్నది. కొలెస్టిరమిన్ అను పొడి ప్రేగులో పిత్తామ్లములను పట్టుకొని బయటికి తీసికొనిపోవును. అది రక్తములో కలియదు. మన సంఘపు లేడీ డాక్టరుగారు ఆ సహోదరిని చూచి, వేరు రోగము లేదని నిశ్చయించుకొని, ఆ పొడి వ్రాసి ఇచ్చిరి. రెండవ వారము ఆమె ముందు వరుసలో నిలిచి పాడెను. ఎనిమిది నెలల కన్నీటికి మందు ఒక పొట్లములో ఉన్నది!

కాబట్టి మేము పాస్టరులను, పాస్టరమ్మగార్లను, స్త్రీల మైత్రి నాయకురాండ్రను వేడుకొనుచున్నాము. ఆపరేషను అయినవారి ఇంటికి వెళ్లినప్పుడు ప్రార్థన చేసి, కాఫీ త్రాగి వచ్చివేయకుడి. "విరేచనములు ఎట్లున్నవి?" అని మెల్లగా అడుగుడి. లేవీయకాండములో శరీరమునుండి వెలువడు వాటిని గూర్చి అధ్యాయములకు అధ్యాయములు ఉండగా మనము అడుగుటకు సిగ్గుపడనేల?

ఆ పొడి విషయములో ఒక జాగ్రత్త. అది పిత్తామ్లములనే కాదు, ఇతర మాత్రలను కూడ పట్టుకొనును. కనుక థైరాయిడు, బి.పి., గుండె మాత్రలు వేసికొనువారు వాటిని ఈ పొడికి ఒక గంట ముందుగా గాని, నాలుగు మొదలు ఆరు గంటల తరువాత గాని వేసికొనవలెను. డాక్టరు చెప్పక దీనిని స్వంతముగా కొని త్రాగరాదు. జ్వరము, రక్తము, కామెర్లు, తగ్గని కడుపునొప్పి, నిద్రనుండి లేపు విరేచనములు ఉన్నయెడల కారణము వేరుగా ఉండవచ్చును.

భోజనమును గూర్చి కొన్ని మాటలు. మొదటి వారములలో వేపుడులు, మాంసపు కొవ్వు తగ్గించి, రెండు పూటల పెద్ద భోజనమునకు మారుగా నాలుగైదు చిన్న భోజనములు చేసిన సుఖముగా ఉండును. చెరువు లేదు గనుక ఒకేసారి వరద రాదు. కొవ్వు కూడ కొద్దికొద్దిగానే పంపవలెను. నీటిలో నాని జిగురగు పీచు పిత్తామ్లములను కొంత పట్టుకొనును, మంచి బాక్టీరియాలకు ఆహారమగును. అట్టిది మన యింట లేకపోలేదు. మెంతులు, గోరుచిక్కుడు, బెండకాయ, జామపండు, పప్పులు ఉన్నవి. ఇసబ్‌గోల్ పొట్టు మందుల దుకాణములో దొరకును. అయితే ఒక్కసారిగా ఎక్కువ తిన్న కడుపు ఉబ్బును. పెరుగు, మజ్జిగ, రాత్రి నీటిలో నానిన చద్దన్నము సరిపడినవారు తినవచ్చును. ఇప్పుడు "మంచి బాక్టీరియా" అని డబ్బాలలోను, మాత్రలలోను వెలగల సరుకు అమ్ముచున్నారు. పిత్తాశయము తీసిన ప్రతివారికి అవి కావలెనని నిరూపించిన సంగతి ఏమియు మాకు కనబడలేదు. ఆ రూకలతో నెలకు సరిపడు పప్పు వచ్చును.

శ్రమకాలములో ఉపవాసము ఉండవచ్చునా అని అనేకులు అడుగుచున్నారు. సంచి లేనివారు ఉపవాసమున్నప్పుడు కూడ చేదురసము ప్రేగులోనికి దిగుచుండును; కొందరికి ఆ వేళ కడుపులో మంట, తిప్పట కలుగును. అట్టివారు పూట ఉపవాసముతో సరిపెట్టుకొని, ముగించునప్పుడు బజ్జీలతోను బిర్యానితోను గాక జావతో ముగింపవలెను. షుగరు మాత్రలు వేసికొనువారు డాక్టరును అడుగకుండ ఉపవాసము మొదలుపెట్టరాదు. ఇక రాళ్లు ఉండి ఇంకను సంచి ఉన్నవారికి మరొక మాట. బహు దీర్ఘకాలము ఏమియు తినకున్నను, త్వరత్వరగా బరువు తగ్గినను సంచిలో రసము కదలక చిక్కబడి రాళ్లు పెరుగుటకు దారి ఏర్పడును. నలువది దినముల కఠినోపవాసము తలపెట్టినవారు ముందుగా స్కానింగు కాగితము తీసి చూచుకొనవలెను.

మధ్యాహ్నము శతవార్షికోత్సవ ప్రేమవిందు ఉన్నది. వంటశాలనుండి మాంసపు కూర వాసన ఇక్కడికి వచ్చుచున్నది గనుక మేము ఎక్కువసేపు మాటలాడము. ఆపరేషను అయి రెండు మూడు నెలలు దాటి, కడుపు బాగున్నవారు అందరితో కూడ కూర్చుండి తినవచ్చును. కూర కొంచెము, పెరుగన్నము ఎక్కువ. ఈ మధ్యనే అయినవారికి పప్పు, పెరుగు వేరుగా పెట్టించవలెనని వంటవారితో చెప్పియున్నాము. ఎడమ ప్రక్క చివరి బల్ల వారిది. ఆ సంగతి నలుగురిలో చెప్పుకొనుటకు మొగమాటపడువారు పాస్టరమ్మగారి చెవిలో చెప్పిన చాలును.